పరుపుల టీమ్‌లో నిద్రగన్నేరు

"రేసు మధ్యలో ఎవరో కుర్రాడు పడి నిద్రపోయాడటగా, ఆ పరుపు మీ దగ్గరే దొరుకుతుందా? మా ఆయనకు నిద్ర పట్టదండీ."

నిచ్చెన మీదున్న కుర్రాడి చేతిలో సుత్తి ఆగిపోయింది.

కింద పరుపుల షోరూంలో సేల్స్‌మన్, గొంతు తగ్గించాలన్న ఇంగితం కూడా లేకుండా, "ఈ మోడలేనండీ. పడుకున్నాయన అరుగో, నిచ్చెన మీదున్నారు" అన్నాడు.

ఆవిడ తలెత్తి, కొనబోయే పరుపును నొక్కి చూసినంత శ్రద్ధగా అతన్ని చూసింది. "మనిషి బాగానే ఉన్నాడే!" అంది, ఇంకేదో ఊహించుకుని వచ్చినట్టు.

అతను గోడవైపు తిరిగి మేకు కొట్టబోయి వేలు కొట్టుకున్నాడు. అరిస్తే అందరూ మళ్ళీ చూస్తారని అరుపు మింగేశాడు.

ఏడాదిగా అతనికి అరుపులూ ఏడుపులూ మింగడం బాగా అలవాటైంది. పక్క టీముల వాళ్ళు పెట్టిన పేరు నిద్రగన్నేరు. మంగలి షాపులో కూర్చుంటే "కునుకు తీస్తారేమో, తల కదలకుండా చూసుకోండి" అంటారు. సొంత తల్లి కూడా అన్నం వడ్డిస్తూ "తిని కాసేపు నడుం వాల్చరా" అనబోయి నాలిక్కరుచుకుంటుంది.

అసలు అతను కారు తోలే టీమ్ చరిత్రే అలాంటిది. పరుపుల ఫ్యాక్టరీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఇరవయ్యేళ్ళ కిందట ఎవరో పెళ్ళి విందులో "మీ పరుపుల్లాగే మీరూ మెత్తనండీ" అన్నారట. ఆ పౌరుషంతో ఆయన రేసుకార్ల టీమ్ పెట్టాడు. తక్కిన టీముల వెనక పెద్దపెద్ద కంపెనీలున్నాయి. ఈ టీమ్ వెనక పెద్దాయన ఒక్కడే ఉన్నాడు, ఆయన వెనక భార్య గొణుగుడు ఉంది. "అందరి మొగుళ్ళూ తాగి తగలేస్తారు, ఈయన తోలించి తగలేస్తాడు" అని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుంది.

ఆ తగలేసిన వైభవమంతా ఇప్పుడు ఫోటోలుగా షోరూం గోడకెక్కుతోంది. మొదటి ఏడు కారును అందరూ కలిసి తోస్తున్న ఫోటో. రెండో ఏడు ఊడిపోయిన చక్రం కారుకన్నా ముందు గీత దాటిన ఫోటో. ఇంకో ఏడు, పెట్రోలు అయిపోయి, జెండా కనబడేంత దూరంలో కారు దిగి తల పట్టుకున్న డ్రైవరు. ఇలా ఒక్కో ఏడాదీ పరువు తీస్తూ వరుసగా వచ్చి, నిరుటి దగ్గర గోడ ఖాళీగా ఉంది.

"అక్కడ మేకు మాత్రం కొట్టి ఉంచండి. ఆ ఫోటో నేనే తెస్తా" అని పెద్దాయన వెళ్ళాడు.

ఏం ఫోటో తెస్తాడో అతనికి తెలుసు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న తన ఫోటో. ఇంకేముంది నిరుడు?

అది పొద్దున్న మొదలై పొద్దుగూకేదాకా సాగే రేసు. ఒకే కారు, ఇద్దరు డ్రైవర్లు, వంతులవారీగా తోలాలి. ఒక్కరే ఇన్ని గంటలన్న హద్దు దాటి తోలితే ఆ కారు ఫలితం చెల్లదు. పొద్దుటి వంతు అతను బ్రహ్మాండంగా తోలాడు. తర్వాత పెద్దాయన మేనకోడలు ఎక్కింది. ఇంట్లో ఆమెను పిడుగు అంటారు. ట్రాక్ మీద చూసినవాళ్ళెవరూ ఎందుకని అడగలేదు.

పరుపుల టీమ్ తన డ్రైవర్లకు ఇచ్చింది మడతమంచం. దాని మీద నడుం నొప్పెట్టి, అతను ఫోను షెడ్డులో వదిలేసి, ప్రదర్శనకు తెచ్చిన పరుపులున్న లారీలోకి ఎక్కాడు. ఐదు నిమిషాలు వాలదామనుకున్నాడు. అప్పుడే లారీ రేకుల మీద వాన మొదలైంది. సన్నగా, జోకొడుతున్నట్టు.

పిడుగు వంతు అయి కారు ఆపితే ఎక్కేవాడు లేడు. అన్ని చోట్లా వెతికారు. డ్రైవరు పరుపుల లారీలో ఉంటాడని ఎవరనుకుంటారు? ఆమె మళ్ళీ వెళ్ళింది. కాలి కింద కారు కాలిపోతున్నా తోలింది. టీమ్ చరిత్రలో మొదటిసారి మూడో స్థానం వచ్చింది. హద్దు దాటి తోలినందుకు గంటలోపే పోయింది. ఆమె మడమ బొబ్బలెక్కి పగిలింది.

పెద్దాయన వచ్చి లేపేసరికి అతని గుండెల మీద ఒక చిన్న గ్లోవ్ ఉంది. ఆమెది. వచ్చింది, చూసింది, మొహాన కొట్టి పోయింది అని అర్థమైంది. ఆ తర్వాత ఆమె కళ్ళబడే ధైర్యం చేయలేదు.

ఇవాళ వచ్చింది కూడా గ్లోవ్ తిరిగిచ్చి, క్షమించమని అడిగి, ఈ ఏడు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పడానికే. కానీ పెద్దాయన చేతిలో సుత్తి పెట్టాడు. నిచ్చెన పట్టుకోమని పిడుగును నిలబెట్టాడు.

"కొంచెం పైకి" అంది ఆమె కింద నుంచి.

"ఇక్కడాండీ?"

"అండీనా?" నిచ్చెన ఒకసారి ఊగింది. "మూడేళ్ళు ఒకే సీట్లో మార్చి మార్చి కూర్చున్నాం. నీ చెమట కంపు నాకు తెలుసు, నా తిట్లు నీకు తెలుసు. ఇప్పుడీ మర్యాద ఎక్కడ నేర్చుకొచ్చావ్?"

"అలవాటు తప్పింది."

"ఏది, నిద్రా?"

అతను మేకు మీద సుత్తి ఆనించి, "మీ... నీ కాలు ఎలా ఉంది?" అన్నాడు గోడతో.

"గోడకు కాళ్ళుండవు. నాదైతే తగ్గి చాలాకాలమైంది. అడిగే తీరిక ఇప్పటికి దొరికిందా?"

అతను దిగి వచ్చి జేబులోంచి గ్లోవ్ తీశాడు. దాన్ని చూడగానే ఆమె మొహం రంగు మారింది.

"ఇది నీ దగ్గరుందా? అయితే నీకు తెలుసన్నమాట!"

"లేవగానే తెలిసింది."

"అందుకేనా మొహం చాటేశావ్?"

"అంత జరిగాక ఎలా చూపించను?"

"ఏం జరిగిందని? ఏమీ జరగలేదు! నాకసలు ఒళ్ళే తెలీలేదు!"

"పర్లేదు. కోపంలో చేశావ్. నాకు కావల్సిందే."

ఆమె అతన్ని వింతగా చూసింది. "కోపంలోనా? కోపంలో ఎవరైనా అలా చేస్తారా?"

"గ్లోవుతో మొహాన కొట్టడం చాలా తక్కువ. నేనైతే హెల్మెట్ విసిరేవాణ్ణి."

బయట వాన అందుకుంది. ఆమె కళ్ళలో ఏదో గబగబా లెక్క జరిగింది.

"ఆ, అవునవును. కొట్టాను. గట్టిగానే కొట్టాను" అంది. "సరే, అయిపోయిందిగా. ఆ మేకు పీకెయ్. నిరుటి ఫోటో వద్దు."

"మీ మావయ్య తెస్తానన్నారు."

"అందుకే పీకెయ్యమంటున్నా!"

ఆలస్యమైపోయింది. పెద్దాయన, ఆయన భార్య వానలో తడుస్తూ, పరుపు గలేబులో చుట్టిన పెద్ద ఫ్రేముతో లోపలికొచ్చారు. పిడుగు ఎగిరి దాన్ని లాక్కోబోయింది. అత్తయ్య చెయ్యి పట్టి ఆపింది.

ఫోటోలో లారీ ఉంది, డబుల్ పరుపు ఉంది. ఒక అంచున అతను, అనుకున్నట్టే నోరు తెరుచుకుని. రెండో అంచున పిడుగు, రేసు దుస్తుల్లోనే, ఒక బూటు విప్పి, ముడుచుకుని గాఢనిద్రలో. ఒక చేతిలో మూత తీసిన నీళ్ళ సీసా. గ్లోవు తొడిగిన రెండో చెయ్యి చాచి ఉంది, అతని గుండెల మీద.

అతను చేతిలో గ్లోవునూ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. "నువ్వు కూడా..."

"రేసయ్యాక వెతుక్కుంటూ వస్తే లారీలో కనబడ్డావ్, నీళ్ళు పోసి లేపుదామని ఎక్కా." పిడుగు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "కాళ్ళు నిలవక ఒక్క నిమిషం కూర్చున్నా. నిన్ను కుదుపుదామని చెయ్యి చాచా. అంతవరకే గుర్తుంది. అత్తయ్య లేపి చెయ్యి లాగితే గ్లోవ్ నీ మీదే ఉండిపోయింది. నువ్వు మెలకువగా ఉండి చూశావేమోననీ, అందుకే మొహం చాటేశావేమోననీ ఏడాదంతా అనుమానపడ్డా. సిగ్గుతో చచ్చాననుకో!"

"నేను రోజూ మీ వీధి మలుపుదాకా వచ్చేవాణ్ణి. కాలు ఎలా ఉందో అడగాలని. అడుగు ముందుకు పడేది కాదు."

"తెలుసు. మేడమీంచి చూసేదాన్ని. నాకూ మెట్లు దిగే మొహం లేదు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా, మిమ్మల్ని లేపేముందు నేనే తీశా. ఇరవయ్యేళ్ళలో నాకొచ్చిన మంచి ఫోటో ఇదొక్కటే. గోడకెక్కించాలని ఉంది."

"పెళ్ళికాని పిల్ల! చూసినవాళ్ళేమనుకుంటారు?" అంది భార్య.

"అందుకే ఏడాది బీరువాలో దాచా. పెళ్ళైన పిల్ల అయితే ఏమీ అనుకోరుగా?"

"మావయ్యా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఈసారి గోడవైపు తిరగలేదు. ఆమెనే చూశాడు. "నాకు కారులో సీటు ఇవ్వకపోయినా పర్లేదు. నువ్వంటే నాకు... నిరుటి నుంచి కాదు, మనం కలిసి తోలిన మొదటి ఏడు నా హెల్మెట్‌లో నీళ్ళు పోశావే, అప్పటినుంచి. నీకిష్టమైతేనే ఆ ఫోటో. లేకపోతే మేకు పీకేస్తా."

పిడుగు వేళ్ళ సందుల్లోంచి చూసింది. "సీటూ ఇస్తాం. కానీ రేసు రోజు నిన్ను లేపే పని నాది. నీళ్ళు చల్లగా ఉంటాయి."

"మరి నిన్నెవరు లేపుతారు?"

"అత్తయ్య!" అని అరిచి మళ్ళీ మొహం దాచుకుంది.

ఇంతలో ఇందాకటావిడ ఫోటో దగ్గరికొచ్చి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఏమయ్యా, ఆయన పడుకున్నది డబుల్ పరుపన్నమాట! నాకు సింగిల్ అంటగట్టబోయావే?" అని సేల్స్‌మన్‌ను దులిపేసింది.

అతను నిచ్చెనెక్కాడు. మేకు ఇంకొంచెం లోపలికి దిగాలి. సుత్తి ఎత్తి, కింద నిచ్చెన పట్టుకున్న మనిషి నవ్వుతోందా అని ఒక్కసారి వంగి చూసి, సరిగ్గా ఇందాకటి వేలినే మళ్ళీ కొట్టుకున్నాడు.

ఈసారి మింగలేదు. షోరూమంతా తిరిగి చూసేలా అరిచాడు.