పదకొండో మేకు

ఆ ఇంట్లో తెల్లవారడం ఆకురాయి చప్పుడుతోనే. ముందు గదే కొట్టు. తాళాలాయన ఆరింటికల్లా బల్ల ముందు కూర్చుని తాళంచెవులు అరగదీస్తుంటే, ఆయన భార్య పాతగుడ్డ పుచ్చుకుని గోడకున్న చెక్కపలక తుడిచేది. పలక మీద వరసగా మేకులు, మేకు కింద ఇంటి నంబరు, మేకుకి ఆ ఇంటి మారుతాళంచెవి. వీధిలో ఎవరు తాళం బిగించుకున్నా ఒక చెవి ఇక్కడ దాచుకోవడం మామగారి నాటి పద్ధతి. "తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అనే బాపతు జనం ఉన్నంతకాలం మనకి పని ఉంటుందే అమ్మాయ్" అని ఆ మహానుభావుడు నవ్వేవాడు.

నాలుగు మేకులు మాత్రం ఖాళీ. ఆమె వాటినీ తుడిచేది. ముప్ఫై అయిదేళ్ళుగా తుడుస్తూనే ఉంది. తుడిచేటప్పుడు ఏమనిపిస్తుందని ఎవరైనా అడిగితే ఏమీ అనిపించదనే చెప్పేది. అది నిజం కూడాను. ఎవరూ అడగలేదు.

"పదింటికి అబ్బాయి వాళ్ళమ్మగారు పెళ్ళి మాటలకి వస్తారు నాన్నా. ఆ చొక్కా మార్చుకోండి" అంది కూతురు, జడ అల్లుకుంటూ వచ్చి. బళ్ళో చరిత్ర పాఠాలు చెబుతుంది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. ఈ తల్లిదండ్రులకి ఎలా పుట్టిందో అని చుట్టాలు ఆశ్చర్యపోతుంటారు.

"రావద్దని చెప్పమన్నానుగా."

"నెల్లాళ్ళ నుంచి వద్దు వద్దంటున్నారు. ఎందుకో చెప్పరు. అతనిది వేరే మతమనేగా?"

"అలాగే అనుకో."

"నేను పిల్లలకి చెప్పే పాఠాలేమిటో తెలుసా నాన్నా? ఏ రాజు ఎవరి ప్రార్థన మందిరం కూల్చాడు, ఏ రాణి ఎవర్ని పొలిమేర దాటించింది, ఎవరు ప్రాణభయంతో దేవుణ్ణి మార్చుకున్నారు. శతాబ్దానికో పేజీ. నిన్న ఓ పిల్ల లేచి, మన వీధిలో కూడా అలా జరిగిందట కదా టీచర్ అంది. పుస్తకంలో లేదమ్మా అన్నాను. ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది."

"పుస్తకంలో లేనిది నీకెందుకు" అని తండ్రి మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

"అమ్మా, నువ్వైనా చెప్పవే."

"టీ చల్లారిపోతోంది" అంది తల్లి.

"బాగుంది. ఈ ఇంట్లో నోళ్ళకి కూడా తాళాలే." కూతురు గొంతు తగ్గించింది. "ఆవిడ ముందు కాదంటే నేను వెళ్ళిపోతాను నాన్నా. బెదిరింపు కాదు. బడి దగ్గర గది చూసుకున్నాను."

తల్లి గుడ్డ దులిపి కిటికీకి ఆరేసింది. కూతురు ఇల్లు వదిలి వెళ్తానంటే గుండె జారాలి కదా. జారలేదు. అలాంటివి ఆమెలో ఎప్పుడో ఆగిపోయాయి.

ఎప్పుడో ఏమిటి, రోజు కూడా గుర్తే. పెళ్ళయి మూడు నెలలు. ఆ అబ్బాయి మతంవాళ్ళని ఊళ్ళోంచి తరిమేస్తున్నారు. తెల్లవారుజామున నాలుగిళ్ళ వాళ్ళు బళ్ళెక్కి పోవడం ఆమె కిటికీలోంచి చూసింది. మధ్యాహ్నం ఆ తరిమేసేవాళ్ళే ఇళ్ళ నంబర్లున్న కాగితం పట్టుకుని కొట్టుకి వచ్చారు. భర్త నంబర్లు చదివాడు. ఆమె చెవులు తీసి అందించింది. రోజూ చేసే పనే. పదకొండో ఇంట్లో పెద్దాయన ఉండిపోయాడని సాయంత్రం తెలిసింది. అప్పటికి ఆయన ప్రాణాలతో లేడు.

పది కొట్టేసరికి కాబోయే వియ్యపురాలు వచ్చింది. ఏళ్ళ తరబడి నర్సుగా చేసింది గనక ఆమెని అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ గోడ వంక చూసి ఆగిపోయింది.

"పలక ఇంకా ఉందే. నన్ను గుర్తుపట్టారా తాళాలన్నయ్యా? పదకొండో నంబరింటి పిల్లని. చెవి పారేసుకుని ఏడుస్తూ వస్తే ఇంట్లో చెప్పకుండా మారుచెవి ఇచ్చారు."

ఆయన తల ఊపాడు. కూతురు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. అబ్బాయి తల్లిది ఈ వీధేనని ఆమెకి తెలుసు. ఏ ఇల్లో తెలియదు.

"ఈ సంబంధం వద్దమ్మా" అన్నాడు తాళాలాయన.

"మతం గురించా అన్నయ్యగారూ?" నర్సమ్మ కోప్పడలేదు. "మాకు అలవాటే. మా ముత్తాతలు ఇంకేదో రాజ్యం నుంచి ఇలాగే మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చారట. ఆ మాట మీ నోట వింటాననుకోలేదు, అంతే. ఈ వీధి మీద నాకు కోపం లేదు. మా ఇంట్లో కోపమంతా మా నాన్న మీదే."

"ఆయన మీదా? ఎందుకండీ?" అంది కూతురు.

"మోకాళ్ళ నొప్పులు, నేను రాను, ఇల్లు చూసుకుంటానని ఉండిపోయాడమ్మా. ఎవరు పిలిచినా తలుపు తీయకని మా అమ్మ వందసార్లు చెప్పి బండెక్కింది. తర్వాత చూసినవాళ్ళు తలుపు పగల్లేదు, తాళం చెడలేదన్నారు. తెలిసినవాడెవడో పిలిస్తే ఆయనే తీసుంటాడు. ఏనాడు నా మాట విన్నాడు గనక అని మా అమ్మ ఈ రోజుకీ ఆయన ఫొటో వంక చూడదు."

తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"ఆ చెవి నేనే తీసిచ్చాను" అంది భార్య.

ఉప్పెక్కడుందో చెప్పినంత మామూలుగా అంది. "మావారు నంబర్లు చదివారు. నేను మేకుల మీంచి తీశాను. మూడు, ఏడు, పదకొండు, పన్నెండు. బళ్ళు వెళ్ళడం చూశాను. పెద్దాయన ఎక్కలేదని చూసుకోలేదు. సామాను పోతే పోయింది, తలుపులైనా పగలకుండా మిగులుతాయనుకున్నాం."

"వాళ్ళు మమ్మల్ని చంపుతామన్నారు" అన్నాడు భర్త.

"అనలేదండీ. కాగితం చూపించి అడిగారు. ఇచ్చాం."

కూతురు గోడకి ఆనుకుని మెల్లగా కిందకి కూర్చుంది. "ఇన్నేళ్ళూ ఆ పలక తుడిచావే అమ్మా" అంది.

"అయితే నాన్న తలుపు తీయలేదా?" అని చాలా నెమ్మదిగా అడిగింది నర్సమ్మ.

"తీయలేదమ్మా."

"ఖాయంగా తెలుసా?"

జవాబు తాళాలాయన చెప్పాడు. "చెవి బయటివైపే ఉండిపోయింది. సాయంత్రం నేనే వెళ్ళి తీసేశాను. ఎవరైనా చూస్తే మా కొట్టుదని తెలిసిపోతుందని." బల్ల సొరుగు అడుగు నుంచి మసిగుడ్డ మూట తీసి విప్పాడు. పదకొండు అని చెక్కిన తాళంచెవి. అది ఆ సొరుగులో ఉందని భార్యకి కూడా ఆ క్షణమే తెలిసింది. "ఇచ్చింది భయంతో ఇచ్చాం. తీసెయ్యడం మాత్రం తెలిసి చేశాను. నీ మొహం చూడలేకనే వద్దన్నానమ్మా. మతం గురించి కాదు."

నర్సమ్మ ఆ చెవిని అరచేతిలో పెట్టుకుంది. "క్షమించానంటే అబద్ధమవుతుంది అన్నయ్యా. అనను. పిల్లల పెళ్ళికి మాత్రం దీన్ని అడ్డం పెట్టను. అదీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు మా అమ్మకి చెప్పాలి."

నర్సమ్మ తల్లికి చెవుడు. అందుకని ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది.

"అమ్మా, నాన్న తలుపు తీయలేదు. బయటినుంచి చెవితో తీశారు."

నర్సమ్మ ఫోనుకి దగ్గరగా వంగింది.

"విన్నావా అమ్మా?"

"విన్నానే." అంది ముసలి గొంతు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. "అయితే మీ నాన్న నా మాట విన్నాడన్నమాట."

"విన్నాడమ్మా."

"ఎవరక్కడ, ఆ ఫొటో కాస్త కిందికి దించండి. దుమ్ము పట్టి ఉంటుంది."

తాళాలాయన భార్య చేతికి ఏదో తడి తగిలింది. కిటికీకి ఆరేసిన గుడ్డ ఎప్పుడు చేతిలోకి వచ్చిందోననుకుంది. గుడ్డ కాదు, తన చెంప. ముప్ఫై అయిదేళ్ళుగా రానిది వచ్చి, ఆగడం లేదు. పలక పట్టుకుంది. మేకులకి తాళంచెవులు గలగలలాడాయి. కూతురు లేచి వచ్చి నడుం చుట్టూ చేయి వేసి పట్టుకుంది.

నర్సమ్మ ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నారు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మీ అమ్మకి మంచినీళ్ళివ్వు తల్లీ" అంది కూతురితో. "తర్వాత నాక్కూడా."