మాట్లాడని వంటగది

కాకినాడ మెయిన్ రోడ్డులోని ఆ టిఫిన్ హోటల్లో ఎంత రద్దీ ఉన్నా, వంటగదిలోంచి మనిషి మాట వినిపించదు. పెనం చుయ్యిమంటుంది, గిన్నెలు మోగుతాయి, అంతే. 2079లో రాష్ట్రంలోని హోటళ్ళ వంటగదులన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. యంత్రాలు వండుతున్నాయనుకునేరు. కాదు, మనుషులే. యంత్రం పోసిన అట్టు జనం నోట పెట్టలేదు.

యంత్రం ఉన్నది వాళ్ళ చేతికి. దాని పేరు శ్రమకంకణం. నాడి వేగం, చెమటలోని ఉప్పు, కండరాల్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లం, నరాల బడలిక అన్నీ కలిపి ఆ రోజుకి ఒక శ్రమాంకం తేలుస్తుంది. జీతం దాన్నిబట్టే. ఒళ్ళు వంచేవాడికీ ఒళ్ళు దాచుకునేవాడికీ ఒకే జీతమా అని బాధపడి డాక్టర్ హైమవతి కనిపెట్టిన పరికరమిది. ఆవిడ ముంజేతికీ ఒకటుంది. దాని దీపం ఎప్పుడూ అలసట రంగులో, ఎర్రగానే వెలుగుతుంది. తనంత కష్టపడేవాళ్ళు లేరని ఆవిడకి లోలోపల కాస్త గర్వం కూడాను.

ఏటేటా రాష్ట్రంలో హోటల్ కార్మికుల జీతాల రేఖ పైకే పోతోంది. ఈ కాకినాడ హోటల్‌ది అందరికంటే పైన. అలాంటిది నిన్న ఒక్కసారిగా కిందికి పడిపోయింది. శ్రమాంకం ఇంతలా పడిపోతే, నిబంధన ప్రకారం ఆ రోజు జీతం సున్నా. పరికరానిదే తప్పని తేలకపోతే మూడు నెలలపాటు అందరికీ సగం జీతమే.

"కంకణాలు చెడ్డాయా?" అని హైమవతి తన ప్రయోగశాలలోని విశ్లేషణ యంత్రాన్ని అడిగింది.

"అవి భేషుగ్గా ఉన్నాయి. మనుషులకే ఏదో అయింది," అంది యంత్రం.

అదేమిటో చూద్దామని ఆవిడే బయల్దేరి వచ్చింది. వడ్డించే మంగతాయారుని పెరటి వైపు పిలిచి, "నిన్న పని మానేశారా?" అని అడిగింది.

"అయ్యో, లేదండి! నిన్న ఆదివారం గదా, ఊపిరాడలేదు."

"మరి ఎవరికీ అలసట లేదేం?"

"నిన్న మాట్టాడుకున్నామండి."

"మాట్లాడుకుంటే?"

"కబుర్లు చెప్పుకుంటా చేత్తే కట్టం తెలీదు గదండీ. ఈ గాజు చేతికేసిన కొత్తలో, మేవు నవ్విన రోజల్లా జీతం తగ్గిపోయేది. సంగతి తెలిసేక నోళ్ళు కట్టేసుకున్నాం. పక్కోళ్ళ మొకం చూడకుండా చేత్తే బాగా ఒత్తాదండి జీతం."

"మరి నిన్నేమైంది?"

మంగతాయారు పెనం దగ్గరున్న దోసెల మాస్టరు నూకరాజు వైపు చూసింది. "వదిన పోయి, పెద్దకార్యం అయ్యేక నిన్నే పనిలోకొచ్చేడండి అన్నయ్య. అట్టు తిరగేత్తా ఏడుత్తన్నాడు. గాజుకేసి చూసుకుంటా ఎంతసేపు ఊరుకుంటావండి? ముందు నేనే పలకరించేను. ఆనక అందరూనూ. పెళ్ళైన కొత్తలో వదిన ఉప్పనుకుని పులుసులో వంటసోడా ఏసేసిందంట. అది చెప్తా నవ్వేడండి అన్నయ్య. జీతం పోతే పోనీండి."

కంకణాలు చెడ్డాయని ఒక్క మాట రాస్తే వీళ్ళ జీతం నిలుస్తుంది, తన పేరూ నిలుస్తుంది. కానీ రేపట్నించి వీళ్ళు మళ్ళీ నోరు కట్టుకోవాలి. రేఖ పైకి పోతోందని ఇన్నేళ్ళూ మురిసిపోయింది హైమవతి. ఆ రేఖ వెంబడే ఒక్కో వంటగదీ మూగబోయిందని ఇప్పుడు తెలిసింది.

"ఈ కంకణాన్నిబట్టి జీతం కట్టడం తప్పని జీతాల బోర్డుకి నేనే రాస్తాను. ఇది కొలిచింది మీ పనిని కాదు, ఒంటరితనాన్ని. మీ జీతం మాత్రం తగ్గనివ్వను," అంది.

"ఇది మీరు కనిపెట్టిందే గదండి!"

"అందుకే నేనే చెప్పాలి."

ఇంతలో నూకరాజు పెసరట్టు ప్లేటుతో వచ్చాడు. "పొద్దుట్నించి ఏవైనా తిన్నారా అమ్మా?"

ఆ మాట ఆవిడని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. ఇంట్లో ఎవరెవరుంటారని మంగతాయారు అడిగితే, ఎవరూ లేరని మొదలుపెట్టి, తింటూ ఏవేవో చెప్పుకుపోయింది. తన మాటలకి తనే నవ్వింది కూడా.

మంగతాయారు చటుక్కున ఆవిడ ముంజెయ్యి పట్టుకుంది. ఎర్రదీపం ఎప్పుడో ఆకుపచ్చగా మారిపోయింది.

"చూసుకోండి, మీ జీతం పడిపోతందండోయ్!"