ఆళ్లగడ్డలో మొదటి సూది

నంద్యాల ల్యాబ్‌లో టెక్నీషియన్ ఇలియాస్‌ను పట్టపగలు చంపేశారు. ఫ్రీజర్ తాళంచెవి కోసం అతని వేళ్లు విరిచారు.

"చచ్చింది నీ అన్న. ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు చీఫ్ కృపావరం.

"ఇవ్వకపోతే నేనే తీసుకుంటా సార్," అంది ఏజెంట్ జబీనా.

ఆయన ఒక ఫొటో ముందుకు తోశాడు. పట్టుచీర, చల్లని నవ్వు.

"గీతాంజలి. వ్యాక్సిన్ ట్రయల్‌లో సేఫ్టీ ఆఫీసర్. మనకు ఇన్‌ఫార్మర్ కూడా. జీతం మాత్రం విదేశీ ముఠా ఇస్తోంది. మన టీకాలో ఉండేది బలం తీసేసిన వైరస్. జబ్బు తేదు, జబ్బును తట్టుకునే శక్తినిస్తుంది. రేపు ఆళ్లగడ్డ క్యాంపులో ఈమె ఆ ఫ్రీజర్‌లోంచి కొట్టేసిన బలమున్న వైరస్ ఎక్కించబోతోంది. జనం చస్తే మన టీకా మూలపడుతుంది, ముఠా టీకా అమ్ముడుపోతుంది. సాక్ష్యం లేదు. ఆమె నోటితోనే చెప్పించాలి."

మర్నాడు జబీనా ఆయా వేషంలో ఐస్‌బాక్సు మోసింది. పైట పిన్నులో మైక్ ఉంది. శిరివెళ్లలో జీపు టీకి ఆగినప్పుడు, బాక్సులో గీతాంజలి పెట్టిన వైరస్ సీసాను జబీనా తీసేసి, అసలు టీకా పెట్టింది. తీసిన సీసా నడుము దగ్గర డబ్బాలో దాచింది. అందులో ఒక్క చుక్క చాలు, పగ తీరిపోతుంది. ఆళ్లగడ్డ చేరేదాకా ఆమె ఆ చుక్క గురించే ఆలోచించింది.

క్యాంపులో జబీనా సిరంజి నింపి అందించింది. వరుసలో ముందున్న సారమ్మ చెయ్యి చాపలేదు.

"ముందు నువ్వు ఏసుకో డాక్టరమ్మా."

"రూల్స్ ఒప్పుకోవు."

"ఈడ మా రూలు అదే. పోయినసారి నర్సమ్మ ఏసుకోలేదా? నీకేమన్నా కొమ్ములుండాయా?"

వరుసంతా నవ్వింది. ఆ పద్ధతి గీతాంజలికి తెలియదు. ఈ పల్లెల్లో పెరిగిన జబీనాకు తెలుసు.

గీతాంజలి సిరంజి బల్లమీద పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. జబీనా ఆమె మణికట్టు మెలిపెట్టి, సిరంజి అందుకుని జబ్బలోకి దించేసింది.

"ఇది మాయన్న కోసం."

గీతాంజలి మొహం పాలిపోయింది. "అది అసలు వైరస్. నేనే మార్చాను. చాగలమర్రి గోడౌన్‌లో మావాళ్ల దగ్గర మందుంది. త్వరగా పోనివ్వు."

"ఇలియాస్‌ను ఎవరు చంపినారు?"

"నేనే. నన్ను బతికించు."

మైక్ అంతా వింది. చాగలమర్రికి పోలీసు జీపులు కదిలాయి.

జబీనా డబ్బా తెరిచి, సీలు తీయని సీసా చూపించింది. "నీది ఈడుంది. నీకు ఎక్కించింది మంచి టీకానే. దీన్ని ఇప్పుదామనే అనుకున్యా. మాయన్న సచ్చేదాకా మూసిపెట్టినదాన్ని నేనెట్లా ఇప్పేది?"

నెల తర్వాత కృపావరం అడిగాడు. "జైల్లో ఆమెకెట్లా ఉంది?"

"కొంచెం జ్వరమొచ్చి తగ్గింది సార్. యాంటీబాడీలు బాగా పెరిగాయి. ఉరి తీసేదాకా ఆ జబ్బు మాత్రం రాదు."