పందెం ఆగిన గంటన్నర

బుధవారం. మధ్యాహ్నం 2:12.

లోకనాథం మినుముల కంపెనీ క్రిప్టో వాలెట్ ఖాళీ. ఎగుమతి సొమ్మంతా అందులోనే ఉండేది. తొమ్మిది రోజుల్లో ఆవిరైపోయింది.

తాళం ఎవరూ పగలగొట్టలేదు. ఎవరో ఒక ఏఐ ఏజెంట్‌ను పనిలో పెట్టారు. బిట్‌కాయిన్ ధర పెరుగుతుందా, తగ్గుతుందా? పావుగంటకో పందెం. దానికి ఆకలి లేదు, నిద్ర లేదు.

వాలెట్ ఉన్నది ఆఫీసు క్లర్కు దేవి వాడే లాప్‌టాప్‌లో.

యాంగోన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని ఆఫీసు మేడమీది గదిలో, దేవి ముందు టైపు చేసిన కాగితం ఉంది. 'డబ్బు నేనే తీశాను.' మూడింటిలోగా సంతకం చేయకపోతే పోలీస్ స్టేషన్.

"సంతకం ఎట్టను," అంది దేవి.

"ఎడితే ఉద్యోగంతో పోద్ది. లేకపోతే జైలే," అన్నాడు గోపీకృష్ణ. ఆఫీసు మేనేజరు, లోకనాథానికి బావమరిది.

"జైలుకైనా ఎల్తాను. తియ్యని డబ్బు తీసీసానని రాసివ్వను. నా పేరు మీ మినుముల బస్తా ఏటి, మీకు నచ్చిన ముద్ర కొట్టీడానికి?"

కిటికీ పక్కన కూర్చున్న సూర్యావతికి ఆ జవాబు నచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీలో పదిహేనేళ్ళు దొంగ క్లెయిములు పట్టుకున్న మనిషి ఆమె. పోలీసుల కంటే ముందు ఒకసారి చూడమని లోకనాథమే పిలిపించాడు.

అందరి వాంగ్మూలాలూ రాసుకుని సంతకాలు అడిగింది. దేవి చేసింది. లోకనాథం చేశాడు. గోపీకృష్ణ చేతి గడియారం చూసుకున్నాడు.

"పది నిమిషాలాగి ఎడతానమ్మా."

గోడ గడియారంలో 2:20. అతని చేతికి 1:20.

"ఏటి బాబూ, మీ గడియారం ఎనకబడిపోనాదా?" అడిగింది సూర్యావతి.

"ఇండియా టైమమ్మా. మన సరుకు కొనీవోళ్ళందరూ విశాఖపట్నంలోనే గదా."

సూర్యావతి తల ఊపింది. కంప్యూటర్ల మనిషి కో జో పందేల సైటు నుంచి తీసి, యాంగోన్ టైములోకి మార్చిన లాగ్ ఆమె ముందు పెట్టాడు. పావుగంటకో గీత. మధ్యలో రోజుకో ఖాళీ. ఆమె వేలు ఆ ఖాళీల దగ్గరే ఆగింది.

"సోమవారం ఎనిమిదిన్నర నుంచి పది దాకా పందేల్లేవు. మంగళవారం నాలుగు నుంచి అయిదున్నర. పోయిన బుధవారం ఒంటిగంట నుంచి రెండున్నర. ఎందుకాగింది?"

"కరెంటు పోయుంటాది," నవ్వాడు గోపీకృష్ణ. "యాంగోన్లో కరెంటు పోవడం కూడా నేరవేనేటి?"

కో జో బర్మీస్‌లో అడ్డుపడ్డాడు. ఏజెంట్ నడిచేది విదేశీ సర్వర్ మీద. ఇక్కడి కరెంటుతో దానికి పనిలేదు. ఎవరో ఆగమని చెబితేనే ఆగుతుంది.

సూర్యావతి లేచి గోడమీది తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్ళింది.

"రోజుకో వేళ, గంటన్నర విరామం. మిషన్‌కి మైల లేదు, మంచీచెడ్డా లేవు. దాన్ని నడిపినోళ్ళకి ఉన్నాయి. రాహుకాలంలో పందెం వెయ్యొద్దని సెప్పారు."

"మనోళ్ళందరూ సూస్తారు గదమ్మా రాహుకాలం!" అన్నాడు లోకనాథం. "దేవీ సూస్తాది."

"ఈ క్యాలెండర్లో సూస్తాది. మీరూ అంతే. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర అనుంది ఇందులో. మరి ఏజెంట్ ఆగింది ఒంటిగంటకి. ప్రతిరోజూ సరిగ్గా గంట ఆలీసం." ఆమె వెనక్కి తిరిగింది. "ఇక్కడ ఒంటిగంటైతే ఇండియాలో పన్నెండు. ఈ ఆఫీసులో ఇండియా గడియారంతో రాహుకాలం సూసేది ఎవరు?"

గోపీకృష్ణ ముఖం ఎర్రబడింది. "గడియారాన్ని బట్టి దొంగని సేసెత్తారేటి? బావా, సూడు!"

"ఇందాకా సంతకానికి పది నిమిషాలడిగారు. రెండున్నరకి మీ రాహుకాలం అయిపోద్ది. మీ ఫోన్ బల్లమీద పెట్టండి."

"ఎందుకెట్టాలి?"

"పెట్టు," అన్నాడు లోకనాథం.

2:28. గోపీకృష్ణ ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు.

2:29. గోపీకృష్ణ చెయ్యి ఫోన్ వైపు కదిలింది. దేవి దాని పక్కన అరచెయ్యి ఆనించి నిలబడింది.

2:30. ఫోన్ మోగింది. తెర వెలిగింది.

కో జో పైకి చదివాడు. 'విరామం ముగిసింది. వాలెట్‌లో నిల్వ లేదు. డబ్బు జమ చేస్తే పందేలు మొదలుపెడతాను.'

"పోయినదంతా తిరిగి రాబట్టేద్దావనే, బావా..." అన్నాడు గోపీకృష్ణ.

లోకనాథం దేవి ముందున్న కాగితం అందుకున్నాడు.

"చింపేత్తానమ్మా. మరిసిపో. రేపట్నించి మామూలుగానే రా."

దేవి కాగితం లాక్కుంది.

"చింపకండి. ఊరంతా తెలిసిపోనాక చింపితే ఏటి లాభం? దీని ఎనకాలే రాయండి, దేవి తియ్యలేదని. కింద మీ సంతకం ఎట్టండి. ఉద్యోగం సంగతి తరవాత నాను సెప్తాను."

పెన్ను పట్టుకున్న లోకనాథం చూపు అలవాటుగా క్యాలెండర్ మీదికి పోయింది.

"రాహుకాలం ఎల్లిపోనాది బాబూ," అంది దేవి. "మీ గడియారంలోనూ, ఆయన గడియారంలోనూ. ఎట్టండి."