పడనని మొండికేసిన ఓక్ రాజు

మొదటిసారి కలుసుకున్నప్పుడే బ్రయొనీ జెత్రోని చొక్కా కాలరు పట్టుకుని సైకిలు మీద నుంచి దింపింది.

తప్పు అతనిదే. మార్చి నెల. కొండ మీద రాళ్ళ వలయంలో మా వసంత పూజ జరుగుతోంది. అందరం చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాం. ఇతగాడు నెత్తిన హెల్మెట్, చెవుల్లో పాటలు పెట్టుకుని పైనుంచి దూసుకొచ్చాడు. రెండు రాళ్ళ మధ్య నుంచి దూరి, మా చుట్టూ ఒక చుట్టు చుట్టి, తేనె కేకుల పళ్ళెం మీద నుంచి పోయి ఆగాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంది బ్రయొనీ.

"సారీ! ఇక్కడ మనుషులుంటారని అనుకోలేదు."

"మనుషులు లేకపోతే మాత్రం ఇలా తిరుగుతారా? అదీ అపసవ్యంగా!"

"అంటే?"

"ఎదురు చుట్టు. ఇందులో ఎవరైనా సరే, సూర్యుడు తిరిగే వైపే తిరగాలి. మళ్ళీ సరిగ్గా తిరుగు."

"సైకిలు మీదా?"

"నడిచి. సైకిలు మోసుకుని."

మోశాడు. సగం చుట్టు అయ్యేసరికి ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోవడం అతని కంట పడింది. ఇంకేముంది, మనిషి పనైపోయింది. ఆ తర్వాత మా తోపు సమావేశం ఒక్కటి కూడా మానలేదు.

తోపు అంటే మేమేదో పెద్ద తోపులమని కాదు. చెట్లనీ, సూర్యుణ్ణీ, పాత దేవతల్నీ కొలిచే మాలాంటి వాళ్ళు తమ గుంపుని అలాగే పిలుచుకుంటారు. డెవన్‌లో మా హాజెల్‌కూంబ్ ఊరే చిన్నది, అందులో మేం ఇంకా చిన్న. బ్రయొనీ అమ్మమ్మ హెస్టర్ మాకు పెద్దదిక్కు. నా పేరు లెన్. పొద్దున ఉత్తరాలు పంచుతాను, పూజల్లో డోలు వాయిస్తాను. డోలు వాయించేవాడికి ఒక సుఖముంది. అందరి మొహాలూ మనకి కనిపిస్తాయి, మన మొహం ఎవరికీ పట్టదు.

ఈ ఏడు హెస్టర్‌కి తుంటి నొప్పి. అందుకని జూన్‌లో వచ్చే పెద్ద పండగ బ్రయొనీ చేతిలో పెట్టింది. "సవ్యంగా జరిపించావా, నా చేతికర్ర నీది. ఇక ముందు తోపుకి పెద్ద నువ్వే" అంది. తోపులో కొందరు పెదవి విరిచారు. పిల్ల మంచిదే గాని కోపం ముక్కు మీదుంటుందని వాళ్ళ బాధ.

జూన్ పండగంటే ఏడాది మొత్తంలో పెద్ద పగలు. ఆ మధ్యాహ్నం ఇద్దరు రాజులు కత్తులు దూయాలి, కర్రవేలెండి. వెలుగు పెరిగినన్నాళ్ళూ ఏలినవాడు ఓక్ రాజు. ఆ రోజు హాలీ రాజు అతన్ని పడగొట్టి రాజ్యం తీసుకుంటాడు. ఆ మర్నాటి నుంచి పగలు తరుగుతూ వస్తుంది. గెలిచినవాడి తలమీద వనదేవి పూలకిరీటం పెట్టి, బుగ్గ మీద ఒక ముద్దిస్తుంది. వనదేవి బ్రయొనీ.

ఓక్ రాజు వేషం జెత్రోకి ఇస్తున్నానని ఆమె అన్న రోజు అతను పొంగిపోయాడు. అసలు సంగతి రిహార్సల్‌లో తెలిసింది.

"నేను చచ్చిపోవాలా?"

"అందంగా చచ్చిపోవాలి."

"మరి కిరీటం?"

"పియర్స్‌కి."

"ముద్దు?"

"గెలిచినవాడికి. మొహమేంటి అలా మాడ్చుకున్నావు?"

"ఏం లేదు, ఎండ."

ఆ రోజు పొద్దుటి నుంచి మబ్బే. పియర్స్ పళ్ళ డాక్టరు. ఆరడుగుల మనిషి. నవ్వితే తన క్లినిక్‌కి వేరే బోర్డు అక్కర్లేదు. అతను నవ్వినప్పుడల్లా జెత్రో తన పళ్ళు తనే కొరుక్కునేవాడు.

పండగ రోజు పొద్దున్నే చినుకులు పడి, మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. బ్రయొనీ తెల్ల గౌను వేసుకుని, జుట్టులో అడవి గులాబీలు పెట్టుకుంది. పూజ మొదలుపెడుతూ నాలుగు దిక్కుల్నీ పేరుపేరునా పిలిచేటప్పుడు మొదట గొంతు వణికింది, పడమటికొచ్చేసరికి కుదురుకుంది. హెస్టర్ కుర్చీలో కూర్చుని తల ఊపింది. పెదవి విరిచినవాళ్ళు కూడా ఊపారు. అంతా బాగా జరిగిపోతోందనుకున్నాం.

నేను డోలందుకున్నాను. రాజులు కలబడ్డారు. చివరి దెబ్బకి ఓక్ రాజు పడిపోవాలి. పియర్స్ కొట్టాడు. జెత్రో నిలబడే ఉన్నాడు.

"పడు" అన్నాడు పియర్స్ మెల్లగా.

జెత్రో చూపు బ్రయొనీ చేతుల్లో ఉన్న పూలకిరీటం మీదుంది.

"పడవయ్యా బాబూ!"

"పడను."

"ఏంటీ?"

"పడనంటే పడను!" అని తిరగబడి ఒక్కటిచ్చాడు.

పియర్స్ అడుగు తడి గడ్డి మీద జారింది. తలమీది హాలీ ఆకుల కిరీటం ముందు పడింది, దాని మీద అతను కూర్చున్నాడు. హాలీ చెట్టు ఆకుకి అంచంతా ముళ్ళే. అవి గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకున్నాయి.

"అబ్బా!" అన్న కేక కింద ఊళ్ళోకి కూడా వినిపించి ఉంటుంది.

ఓక్ రాజు జూన్‌లో గెలవడం మా తోపులో ఎన్నడూ లేదు. గెలిస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

"అయితే ఇక చలికాలం రాదా?" అని వెనక ఎవరో అన్నారు. "రాకపోతే మంచిదే, గ్యాస్ బిల్లు కలిసొస్తుంది" అని ఇంకెవరో. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బ్రయొనీకి సూటిగా తగిలింది.

కిరీటం గడ్డి మీద పెట్టేసి విసవిసా నడిచింది. వలయం అంచుకొచ్చి, అంత కోపంలోనూ ఆగి, చేత్తో గాలిలో తలుపు గీసి, అందులోంచి బయటికెళ్ళి, మళ్ళీ మూసింది. పూజ మధ్యలో వలయం దాటాలంటే అలా తలుపు తెరిచి మూయాలని మా నియమం, పెంపకం అలాంటిది. జెత్రో మాత్రం ఆమె వెనకాల తిన్నగా పరిగెత్తాడు.

"తలుపు! తలుపు!" అని అందరూ అరిచారు. ఎవరు వింటారు?

చూసిరమ్మన్నట్టు హెస్టర్ నాకు కనుసైగ చేసింది. గొర్రెల దొడ్డి గేటు దగ్గర ఇద్దరూ దొరికారు. ఏడ్చి ఏడ్చి బ్రయొనీ ముక్కు ఎర్రబడింది.

"ఒక్క పని! ఒకే ఒక్క పని చెప్పాను నీకు. పడిపొమ్మన్నాను. అదీ చేతకాదా?"

"చేతనవును. మనసొప్పలేదు."

"ఎందుకు ఒప్పలేదు?"

"నువ్వు ఆ పళ్ళ డాక్టరుని ముద్దు పెట్టుకుంటుంటే కింద పడుకుని వినాలా? నాకు నువ్వంటే ఇష్టం, బ్రయొనీ. చచ్చేంత ఇష్టం."

"చచ్చేంత ఇష్టమున్నవాడివి, చావమన్నప్పుడు చావాలిగా!"

అతను నేల వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"అమ్మమ్మ నమ్మి అప్పగించింది" అంది ఆమె. "ఇప్పుడు అందరూ నవ్వుతున్నారు. నీ ఇష్టం నీకు ముఖ్యం, నా పూజ నీకు ఆట. ఆ వేషం నీకెందుకిచ్చానో ఒక్కసారైనా అడిగావా?"

"ఎందుకిచ్చావు?"

"ఇప్పుడా అడిగేది? పో!"

నేను దగ్గాను. "అమ్మాయ్, అమ్మమ్మ పిలుస్తోంది."

హెస్టర్ తీర్పు చిన్నదే. "రాజుల్ని అడిగి సూర్యుడు తిరగడు, మీరేం బెంగపడకండి. తిరగాల్సింది మనం. పొద్దు గుంకేదాకా పండగ రోజు పోలేదు. ఈలోపు మళ్ళీ చేద్దాం. బ్రయొనీయే చేయిస్తుంది. ఈసారీ చెడిందా, కర్ర నా దగ్గరే ఉంటుంది."

"ఓక్ రాజు మాత్రం లెన్" అంది బ్రయొనీ, జెత్రో వైపు చూడకుండా.

నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. పడటం పెద్ద పని కాదు, లేవడమే. అయినా సరేనన్నాను.

కాసేపటికి వాన పట్టుకుంది. అందరం టెంటు కింద చేరి స్ట్రాబెర్రీలు తింటుంటే జెత్రో నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"లెన్ గారూ, మీ చావు నాకిచ్చేయండి."

ఇంతవరకూ నన్నెవరూ అలాంటిది అడగలేదు. "నీకు పడటం రాదుగా" అన్నాను.

"నేర్చుకుంటాను. ఆమె పూజ నేనే చెడగొట్టాను, నేనే సరిచెయ్యాలి. ఆ తర్వాత మొహం చూపించొద్దంటే చూపించను."

"నేను నేర్పిస్తాను పద" అన్నాడు వెనక నుంచి పియర్స్. పాపం, నిలబడే తింటున్నాడు. "కానీ బాబూ, నా మీద నీకెందుకంత కసి? నా ముళ్ళు తీసీ తీసీ మా ఆయన అలిసిపోయాడు."

"మీ... ఆయనా?"

"ఆండ్రూ. అదిగో, చిమటా పట్టుకుని నిలబడ్డాడే, ఆయనే. పెళ్ళై చాలా కాలమైంది."

ఆండ్రూ చిమటా ఊపి పలకరించాడు. జెత్రో మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఊరందరికీ తెలిసిన సంగతి ఇతనొక్కడికీ తెలియదు. ఏ ఒక్కరినీ, ఏ ఒక్క మాటా అడిగి ఉండడు మరి.

ఇద్దరూ వానలోకి పోయారు. వీడు పడటం, వాడు తిట్టడం. "మోకాలు మడవకు! బస్తా పడ్డట్టు పడతావేంటి, నువ్వు రాజువి!" సాయంత్రానికి జెత్రో ఒంటినిండా బురదే. బ్రయొనీ టెంటు గుడ్డ పక్కకి తీసి రెండుమూడు సార్లు చూసింది. నేను చూడనట్టు నటించాను.

వాన ఆగేసరికి పొద్దు పడమటి రాళ్ళ మీదికి దిగింది. ఓక్ ఆకుల కిరీటంతో జెత్రో వచ్చి నిలబడితే బ్రయొనీ నా వైపు చూసింది. నేను మోకాలు పట్టుకుని మూలిగాను. నిజంగానే మూలిగాను, అందులో సగం.

"పడతావా?" అని అడిగింది అతన్ని.

"పడతాను."

"ఓక్ రాజు చచ్చాక, పూజ ముగించి వలయం విప్పేదాకా కన్ను తెరవకూడదు, కదలకూడదు, పెదవి మెదపకూడదు. ఏం జరిగినా సరే."

"ఏం జరిగినా సరే."

నేను డోలందుకున్నాను. ఈసారి ఆఖరి దెబ్బకి అతను ఒక్క క్షణం నిలబడి, బ్రయొనీని చూసి, మాను విరిగినట్టు నిలువునా పడ్డాడు. ముందు వరసలో ఒకావిడ "అయ్యో పాపం" అని పైకే అనేసింది. బాగా చచ్చాడు. ఇన్నేళ్ళలో అంత బాగా చచ్చినవాణ్ణి నేను చూడలేదు.

పడిన రాజు గుండెల మీద వనదేవి ఓక్ కొమ్మ పెట్టాలి. బ్రయొనీ వంగింది. పెట్టి లేవాల్సింది, లేవలేదు. నా డోలు అక్కడికి రెండడుగుల్లోనే ఉంది. చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"చచ్చావు కాబట్టి నోరు మూసుకుని విను" అంది గుసగుసగా. "నువ్వు మార్చిలో వచ్చావు, చలికాలం పండగ చూడలేదు. డిసెంబరులో ఓక్ రాజు మళ్ళీ లేస్తాడు, తెలుసా? లేచి హాలీ రాజుని పడగొడతాడు. అప్పుడు కిరీటం ఓక్ రాజుకే. ముద్దూ అతనికే. అక్కణ్ణుంచి వెలుగు పెరిగినన్నాళ్ళూ వనదేవి పక్కన ఉండేది అతనే. ఈ వేషం ఎవరికివ్వాలో ఎవరూ నాకు చెప్పలేదు. నేనే ఏరుకున్నాను. నిన్ను ఏరుకున్నాను, బుర్రలేనివాడా. సైకిలు మోసిన రోజు నుంచీ నువ్వంటే నాకిష్టం. ఆరు నెలలు ఆగలేకపోయావు!"

జెత్రో కదల్లేదు. కన్ను తెరవలేదు. చెవులు మాత్రం కందిపోయాయి. చచ్చినవాడికి చెవులు ఎర్రబడకూడదనే నియమం మాకు లేదు.

ఆమె లేచి పియర్స్‌కి కిరీటం పెట్టింది, బుగ్గ మీద ముద్దిచ్చింది. ఆండ్రూ చప్పట్లు కొట్టాడు. మళ్ళీ వాన మొదలైంది. దిక్కులన్నిటికీ వీడ్కోలు చెప్పడం మామూలుగా చిటికెలో అయిపోతుంది. ఆ పూట బ్రయొనీ ఒక్కో దిక్కుకీ తీరిగ్గా, వివరంగా, ఊరూపేరూ చెప్పి మరీ వీడ్కోలిచ్చింది. కింద పడుకున్నవాడి మొహం మీద వాన కురుస్తోంది. అతను పెదవైనా తుడుచుకోలేదు. ఆగమంటే ఆగనివాడు, పడమంటే పడనివాడు అలా రాయిలా పడి ఉంటే, మాలో పెదవి విరిచినవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వలయం విప్పింది. హెస్టర్ కుంటుకుంటూ వచ్చి చేతికర్ర మనవరాలి చేతిలో పెట్టింది. బ్రయొనీ కర్ర పట్టుకునే రాజు దగ్గరికొచ్చింది.

"అయిపోయింది. లే."

రాజు కదల్లేదు.

"జెత్రో! లే. తడుస్తున్నావు."

"లేవకూడదు" అన్నాడు కళ్ళు మూసుకునే. "ఓక్ రాజు డిసెంబరులో కదా లేచేది? ఈసారి ఒక్క తప్పూ చెయ్యదలచుకోలేదు."

"డిసెంబరు దాకా ఇక్కడే పడుంటావా?"

"నువ్వు చెప్పావు కాబట్టి పడుంటాను."

బ్రయొనీ మా అందరి వైపూ చూసింది. కర్ర నాకిచ్చింది. తెల్ల గౌనుతో ఆ బురద గడ్డిలో అతని పక్కన వెల్లకిలా పడుకుని, అతని చెయ్యి పట్టుకుని, తనూ కళ్ళు మూసుకుంది.

హెస్టర్ ఒక్క నిమిషం అలా చూసి గొడుగు విప్పింది.

"అయనం మారిందర్రా" అంది. "ఇక పదండి, కేకులు తడిసిపోతున్నాయి."