పిట్టకెందుకంత బరువు

“ఏదో ఒకరోజు ఆ కంప్యూటర్లో రాయకూడనిది రాస్తావు, కొంప మునుగుతుంది. చూస్తూ ఉండు. రెండ్రోజులుగా నా కుడికన్ను అదురుతోంది,” అంది రాజేశ్వరమ్మ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. శుక్రవారం సాయంత్రం. ఇంగ్లండ్‌లోని ఈ నార్తాంప్టన్‌లో వాన గట్టిగా పడదు, అలాగని ఆగిపోదు. పెళ్ళింట్లో అలిగిన చుట్టంలా సణుగుతూనే ఉంటుంది. శ్రీప్రియ ఆఫీసు పని ముగించి, అదే టేబుల్ మీద, అదే లాప్‌టాప్‌లో, జీతం లేని రెండో పని, పిట్ట పని, మొదలుపెట్టింది.

“నీ కన్ను ఎప్పుడు అదరలేదమ్మా? నేను విమానం ఎక్కినప్పుడు అదిరింది. నాకు జలుబు చేసినా అదిరింది.”

“అదిరినట్టే అయింది కదే! ఎముకలు లెక్కపెట్టేలా తయారయ్యావు.”

రాజేశ్వరమ్మ కాకినాడలో పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతుర్ని తనే పెంచింది. కొన్నాళ్ళు ఉండి వెళ్దామని ఈ దేశం వచ్చింది. భయపడటం ఆమెకు వంట చేసినంత అలవాటు. అందులోనూ అర్థంకాని వస్తువంటే మరీ భయం. అందుకే వచ్చిన కొత్తలోనే కూతుర్ని కూర్చోబెట్టి అడిగింది, ఇంతకీ ఈ పిట్ట అంటే ఏంటని.

“బస్సు ఎప్పుడొస్తుందో నీ ఫోన్‌లో చూస్తావా? నీ ఫోన్ అడుగుతుంది, ఎక్కడో ఉన్న ప్రోగ్రామ్ జవాబు చెబుతుంది. అలా జవాబులు చెప్పే ప్రోగ్రాములు జావా అనే కంప్యూటర్ భాషలో కట్టాలంటే కింద ఒక చట్రం ఉండాలి, ఫ్రేమ్‌వర్క్ అంటారు. పెద్ద పెద్దవి చాలా ఉన్నాయి. మాది చిన్నది, తేలిక. అందుకే పిట్ట అని పేరు పెట్టాం. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.”

“మాది అంటే?”

“నాదీ, వినీత్‌దీ.”

ఆ పేరు చెప్పేటప్పుడు కూతురి చెవులు ఎర్రబడటం రాజేశ్వరమ్మ చూసింది. చూసి, అలవాటు ప్రకారం భయపడింది.

ఇద్దరూ నాటింగ్‌హామ్‌లో కలిసి ఎమ్మెస్సీ చదివారు. ఇప్పుడతనికి లండన్ శివారు హారోలో ఉద్యోగం. ఒకరు రాసింది రెండోవాళ్ళు చూసి సరేనంటేనే పిట్టలోకి వెళ్ళాలని వాళ్ళ నియమం. అలా సరిచూసే రివ్యూ పేజీలోనే వాళ్ళ పోట్లాటలన్నీ. పేజీ చాలకపోతే ఫోన్లో. ఆ సాయంత్రం చాలలేదు.

“శ్రీ, వాడేవాళ్ళే అడుగుతున్నారు,” అన్నాడు వినీత్ స్పీకర్లో. “లాగిన్ పిట్ట లోపలే ఉంటే వాళ్ళకి ఈజీ.”

“ఇవాళ లాగిన్, రేపు డేటాబేస్. పిట్ట మీద అంబారీ కడతావా?”

“ప్రతిదానికీ నో చెప్పడమే నీ దృష్టిలో రివ్యూ.”

“అంత బరువే కావాలంటే పెద్ద ఫ్రేమ్‌వర్క్‌లున్నాయి. అక్కడికే పో!”



“సరే. పోతాను,” అని పెట్టేశాడు.

శ్రీప్రియ చాలాసేపు ఫోన్ వైపు చూసింది. తర్వాత టకటకా ఏదో కొట్టడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది. చివర్న గట్టిగా ఒక్క నొక్కు నొక్కింది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

“అమ్మా…”

“ఏమైందే? షాక్ కొట్టిందా?”

“తప్పు చోట రాశాను.”

తెర మీద పక్కపక్కనే రెండు కిటికీలు. ఒకటి వినీత్‌తో సొంత చాట్. రెండోది అందరూ చూసే రివ్యూ పేజీ. చాట్‌లో పడాల్సింది పేజీలో పడింది. పైన ఎర్రగా, ‘మార్పులు చేయాలి’ అన్న గుర్తుతో సహా.

రాజేశ్వరమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. ఇన్నాళ్ళలో ఆ పేజీలో తెలుగులో ఉన్నది, ఆమె చదవగలిగింది అదొక్కటే.

‘పో అన్నాను గానీ వెళ్ళిపోకు. నీ కోడ్ మీద నాకేం కోపం లేదు. పిట్ట కూడా లేకపోతే నీతో రోజూ మాట్లాడే దారి ఉండదని నా భయం. నువ్వంటే నాకు చాలా ఇష్టం వినీత్. ఇలా పోట్లాడి చెబుతున్నందుకు సారీ.’

“ఇది ఎవరెవరు చూస్తారు?”

“ఎవరైనా.”

“ఎవరైనా అంటే? ఈ వీధిలో వాళ్ళా?”

“ప్రపంచంలో ఎవరైనా అమ్మా.”

రాజేశ్వరమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో సహా కుర్చీలో కూలబడింది. “చెరిపెయ్యి! ముందు చెరిపెయ్యవే!”

“లాభం లేదు. పిట్టని ఫాలో అయ్యేవాళ్ళందరికీ ఈమెయిల్ వెళ్ళిపోయింది. ఇప్పుడు చెరిపితే, రాసి దాచుకుందంటాడు వినీత్.”

తెల్లారేసరికి సంగతి ఇంకా ముదిరింది. బ్రెజిల్ నుంచి ఎవరో అనువాదం చేయించుకుని మరీ చదివి గుండె బొమ్మ పెట్టారు. జర్మనీ అతను ‘ఈ మార్పుకు నాకు అభ్యంతరం లేదు’ అని రాశాడు. ఎవరో హైదరాబాద్ కుర్రాడు ‘అన్నా, రిప్లై ఇవ్వు ప్లీజ్’ అన్నాడు.

అన్న మాత్రం పలకలేదు.

“యాక్సిడెంట్ ఏమైనా…” మొదలుపెట్టింది రాజేశ్వరమ్మ.

“అమ్మా!”

“పోనీ, ఫ్రెండ్స్‌కి చూపించి నవ్వుకుంటున్నాడేమో.”

“దానికంటే యాక్సిడెంటే నయం,” అంది శ్రీప్రియ. అనేసి నాలిక కరుచుకుంది. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “జవాబు రాకపోతే పిట్టని నేనే వదిలేస్తానమ్మా. ఏ మొహం పెట్టుకుని ఇక వాడి కోడ్ చూడను?”

అంతలో ఫోన్ మోగింది. ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. చూస్తే కౌశిక్. హారోలో వినీత్‌తో ఒకే ఫ్లాట్‌లో ఉంటాడు. శ్రీప్రియ స్పీకర్ నొక్కింది.

“శ్రీ, ఇప్పుడే చూశా. కంగ్రాట్స్ చెప్పాలా, సారీ చెప్పాలా?”

“వాడికివ్వు ఫోను.”

“లేడు. పొద్దున్నే షేవ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఎక్కడికంటే చెప్పలేదు. ఫోన్ కూడా ఇక్కడే చార్జింగ్‌లో వదిలేశాడు.”

“ఇస్త్రీ చొక్కానా!” గుండె మీద చెయ్యి వేసుకుంది రాజేశ్వరమ్మ. “శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా అంటే పెళ్ళిచూపులేనే!”

శ్రీప్రియ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ మాట నోరు జారినందుకు రాజేశ్వరమ్మ తన్ను తానే తిట్టుకుంది. పిల్లకి తోచని భయం కూడా తనే నేర్పింది! కాఫీ కలిపి తెచ్చి ముందు పెట్టింది. అది మీగడ కట్టింది గానీ పిల్ల ముట్టుకోలేదు.

బెల్ మోగింది.

కూతురు కదల్లేదు. రాజేశ్వరమ్మే వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా వినీత్. వీడియో కాల్‌లో చూసిన మొహమే. ఇస్త్రీ చొక్కా వానకి ఒంటికి అతుక్కుపోయింది.

“నమస్తే ఆంటీ. శ్రీ ఉందా? కోడ్ గురించి… కొంచెం మాట్లాడాలి.”

ఇక ఆగలేకపోయింది రాజేశ్వరమ్మ. “బాబూ, మా పిల్ల ఏదో దుఃఖంలో రాసింది. ఇష్టం లేకపోతే లేదని మెల్లిగా చెప్పు. నలుగురిలో పెట్టి నవ్వకు. తండ్రి లేని పిల్ల.”

వినీత్ తెల్లబోయాడు. “ఏం రాసింది ఆంటీ?”

లోపల్నించి శ్రీప్రియ వచ్చింది. “నువ్వు చదవలేదా?”

“నిన్న ఫోన్ పెట్టేశాక, మెయిల్స్ రాకుండా ఆ పేజీ మ్యూట్ చేసేశా. కోపమొచ్చి. ఏం, ఇంకో నో చెప్పావా?”

బ్రెజిల్లో చదివారు, జర్మనీలో చదివారు. చదవాల్సినవాడు తప్ప లోకమంతా చదివింది! రాజేశ్వరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రీప్రియ మాత్రం ఒక్క అంగలో టేబుల్ దగ్గరికి వెళ్ళి లాప్‌టాప్ మూయబోయింది.

“ఏం లేదులే. నువ్వు వెళ్ళు వినీత్. తర్వాత మాట్లాడదాం.”

మూతకి రాజేశ్వరమ్మ చెయ్యి అడ్డం పడింది. ఎందుకు పడిందో ఆమెకే తెలియదు. రాత్రి నుంచీ చెరిపెయ్యి, దాచెయ్యి అన్నది తనే.

“ఉండనీవే. ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా చదివారు. ఎవరికి రాశావో అతన్ని చదవనీ.”

“అమ్మా, ప్లీజ్…”

“కూర్చో బాబూ.”

వినీత్ కూర్చున్నాడు. చదివాడు. జుట్టు మీంచి నీళ్ళు టేబుల్ మీద పడుతున్నా తుడుచుకోలేదు. రాజేశ్వరమ్మ తువ్వాలు తెచ్చిస్తే చేత్తో పట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.

శ్రీప్రియ కిటికీ వైపు తిరిగి నిలబడింది. రోడ్డు మీద బస్సొకటి వచ్చి ఆగి, ఎవరినో దింపి వెళ్ళిపోయింది. తెర మసకబారి ఆరిపోయినా, అతను నల్లటి అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు.

కాదంటాడు, అనుకుంది రాజేశ్వరమ్మ. అందుకే మాట రావడం లేదు. వాళ్ళింట్లో ఇప్పటికే ఎవరినో చూసి ఉంటారు. రేపటి నుంచి ఈ పిల్ల అన్నం తినదు. ‘బాబూ’ అనబోయి, ఆ మాటని బలవంతంగా మింగేసింది. శ్రీప్రియ భుజాలు కదులుతున్నాయి.

“నాక్కూడా, శ్రీ,” అన్నాడు వినీత్ చివరికి. “ఇంతకంటే బాగా చెబుదామని రైల్లో దారంతా బట్టీపట్టాను. తలుపు ఆంటీ తీసేసరికి మొత్తం మర్చిపోయి, కోడ్ అనేశాను.”