వెనక లైటు ఖరీదు

ఎడారి దుమ్ము మోసుకొచ్చే ఖమ్సీన్ గాలి వీచిన రోజు కైరోలో పట్టపగలే దీపాలు పెట్టుకుంటారు. అలాంటి ఓ మధ్యాహ్నం షుబ్రా పేటలో పళ్ల డాక్టరు దగ్గర్నుంచి బుగ్గ పట్టుకుని బయటికొచ్చిన వగ్దీ మేష్టారికి, తన కారుకు అడ్డంగా పాత బూడిదరంగు కారొకటి కనబడింది. అందులో వింతేం లేదు. రెండో వరసలో కారు నిలిపేవాళ్లు గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు దించి పోవడం ఆ ఊరి మర్యాద. ఎవరికి అడ్డమైతే వాళ్లు తోసుకుంటారు.

మేష్టారు తోశాడు. కదల్లేదు. నిండా జనం కూర్చున్నంత బరువు. విసుగొచ్చి భుజం ఆనించి ఒక్క ఊపు ఊపాడు. కారు జర్రున వెనక్కి పోయి కరెంటు స్తంభానికి గుద్దుకుంది. వెనక లైటు పగిలి ఎర్రగాజు నేల రాలింది.

దుమ్ము పట్టిన అద్దాల వెనక ఎవరో దగ్గారు.

"పర్లేదు నాయనా..." అన్నారు నీరసంగా.

లోపల మనిషున్నాడు! తలుపు తీసి చూడాలా వద్దా? మేష్టారు చూడలేదు. తన కారెక్కి ఉడాయించాడు. పిల్లలచేత నిజాయితీ మీద వ్యాసాలు రాయించే పెద్దమనిషి!

ఆ రాత్రి ముద్ద దిగలేదు. తిట్టినా బాగుండేది. ముఖమైనా చూపించనివాణ్ణి అంత మెత్తగా క్షమించడమే అతన్ని తినేసింది. మర్నాడు పొద్దుగూకే వేళకి డబ్బు జేబులో పెట్టుకుని, కారేసుకుని మళ్లీ ఆ వీధికి వెళ్లాడు. గాలి ఇంకా తగ్గలేదు. వీధంతా పచ్చటి చీకటి.

"కొట్టింది తమరేనా?" అన్నాడు, బూడిదరంగు కారెవరిదని అడిగితే, పక్క మేడ గేటు కాపలావాడు. "గాజుపెంకులు ఊడ్చింది మాత్రం నేను. పైకి పోండి, ఇన్షిరాహ్ అమ్మగారి కారది. అడ్డమైనవాళ్లంతా దాన్ని అటూ ఇటూ తోస్తూనే ఉంటారు."

ముసలావిడ తలుపు తీసింది. మేష్టారు నోట్లు చాపాడు.

"లైటు ఖరీదమ్మా. కార్లో ఉన్న పెద్దాయన్ని క్షమాపణ కూడా అడగాలి."

ఆమె నోట్లని వెనక్కి నెట్టింది.

"మావారు పోయి ఏడాదైంది నాయనా. ఈ వీధిలోనే, ఆ కార్లోనే. ఎవడో వెనకనుంచి తగిలించి పోయాడు. చిన్న దెబ్బే. ఈయన గుండె తట్టుకోలేదు. వాడు దిగి తలుపు తీస్తే బతికేవాడేమో! పోయేవాళ్లంతా కునుకు తీస్తున్నాడనుకున్నారు."

నేనూ తీయలేదు... ఆ ఒక్కమాటే మేష్టారి లోపల సుళ్లు తిరిగింది.

"డబ్బు నాకెందుకు? దెబ్బ నాకు తగిలిందా?" ఆమె కారు తాళం అతని చేతిలో పెట్టింది. "ఆయన్నే అడుగు."

కింద కారు తలుపు కిర్రుమంది. పాత పొగాకు వాసన. స్టీరింగు మీద వేలెడు దుమ్ము. డ్రైవరు సీటు మీద మాత్రం... లేదు. సీటు లోపలికి కుంగి ఉంది.

"పెద్దాయనా..." మేష్టారు గుసగుసలాడాడు. "చూడకుండా పోయాను. తప్పయింది."

అడక్కముందు క్షమించిన గొంతు, అడిగాక పలకలేదు. అదే భరించలేకపోయాడు.

స్ప్రింగులు మూలిగాయి. కుంగిన సీటు మెల్లగా... పైకి లేచింది. భుజాన్ని రాసుకుంటూ ఏదో చల్లగా బయటికి పోయింది.

తాళం అక్కడే వదిలేశాడు. పరుగున వచ్చి తన కార్లో పడ్డాడు.

టక్. కిటికీ పక్క తాడుకు కట్టిన బుట్ట దిగింది. పై బాల్కనీలోంచి ఇన్షిరాహ్ వంగి చూస్తోంది. బుట్టలో రెండు టీ గ్లాసులు, పొగలు కక్కుతూ.

"ఒకటి నీకు," అంది. "చక్కెర లేనిది ఆయనకి."

కాదనే ధైర్యం లేదు. పక్క సీటు వైపు చూడకుండా రెండో గ్లాసు అటు చాపాడు.

చేతిలోంచి... ఎవరో అందుకున్నారు.

"మెల్లగా నడుపు నాయనా," పైనుంచి ఆమె గొంతు. "దారిలో ఎవడైనా తగిలిస్తే, ఆయన్ని ఒంటరిగా వదిలేసి పోకు."

బుట్ట ఖాళీగా పైకి పోయింది. పక్క సీటు బెల్టు దానంతట అదే సాగి, టక్కుమని పడింది.